తెరను వెలుతురులో చూడుడు

గుంటూరు మిర్చియార్డులో టిక్కీ విప్పించిన వ్యాపారి మొదట మాటలాడడు. గుప్పెడు కాయలు తీసి వెలుతురులో పట్టును. రంగు చూచును, తొడిమ చూచును, తాలుకాయ లెన్ని కలిసినవో చూచును, వ్రేళ్ల నడుమ నలిపి తేమ కనిపెట్టును. ఆ తరువాతనే ధర పలుకును. ఏడాది కష్టమంతయు ఆ నాలుగు క్షణములలో తేలును. ఆ రైతే కుమార్తెను ఇంజనీరింగు కళాశాలలో చేర్చి, ల్యాప్‌టాపు కొనుటకు అంగడికి పోయినప్పుడు మాత్రము సరకును వెలుతురులో పట్టి చూడడు. అట్టపెట్టెమీది అంకెలను నమ్మి సొమ్ము చెల్లించును. ఆ విషయమును గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

ఇది చిన్న బేరము కాదు. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వము మార్కెట్ జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించినది. ఆ లెక్కను అరువదివేల రూపాయల యంత్రమునకు అయిదు క్వింటాళ్లకు మించిన మిరప పెట్టవలసి వచ్చును. కొన్న యంత్రము నాలుగేండ్ల చదువు పొడవునను ఆ పిల్ల కన్నుల యెదుట నుండును.

మేమును ఈ బేరములో పొరపడినవారమే. మా యింటికి కొన్నప్పుడు ప్రాసెసరు మంచిదా యని అడిగితిమి, జ్ఞాపకశక్తి యెంత యని అడిగితిమి. తెరను గూర్చి అడుగలేదు. అంగడి దీపముల క్రింద అది చక్కగనే కనబడినది. ఇంటికి తెచ్చి వసారాలో తెరచినంతనే అక్షరములు వెలవెలబోయినవి. తలుపులు మూసి చీకటి గదిలో చదువుట పిల్లలకు అలవాటైనది. యంత్రములో వేగ మున్నది, చూచుటకు వీలు లేదు.

తెరలో మొదట చూడవలసినది వెలుగు. దీనిని నిట్టులలో కొలుతురు. చదరపు మీటరునకు ఒక క్యాండెలా వెలుగు ఒక నిట్టు. చవక యంత్రములలో 250 నిట్టులు సాధారణము. గదిలో పనికి అది సరిపోవును. కిటికీ ప్రక్కను, వసారాలోను కూర్చుండి చదువువారికి 300 తగ్గరాదు. 400 ఉన్నచో హాయి. నిగనిగలాడు తెర అంగడిలో అందముగ నుండును గాని, పగటివేళ అందులో మన ముఖమే కనబడును. మన ఎండలకు మెరుపులేని తెర మేలు.

రెండవది రంగు. 1996లో హ్యూలెట్ ప్యాకార్డు, మైక్రోసాఫ్టు సంస్థలు ప్రతిపాదించిన ఎస్.ఆర్.జి.బి. అను రంగుల పరిధి నేటికిని సామాన్య ప్రమాణముగ నున్నది. వివరముల పత్రములో "45 శాతము ఎన్.టి.ఎస్.సి." అని యున్నచో ఆ తెర ఈ పరిధిలో సుమారు మూడింట రెండు వంతులు మాత్రమే చూపగలదని గ్రహించునది. "72 శాతము" అన్నచో ఇంచుమించు పూర్తిగ చూపును. తక్కువ పరిధి తెరపై పండు మిరప ఎరుపు ఇటుక రంగుగ పాలిపోవును. లెక్కలు వ్రాయువారికి దీనితో నష్టము లేదు. బొమ్మలు దిద్దువారికిని, సరకు ఛాయాచిత్రములు చూచి బేరమాడువారికిని నష్టమున్నది.

మూడవది అక్షరముల స్పష్టత. 15.6 అంగుళముల తెరపై 1366 పెట్టు 768 చుక్కలున్నచో అంగుళమునకు నూరు చుక్కలు వచ్చును. 1920 పెట్టు 1080 అయినచో నూట నలుబది. ఆంగ్లాక్షరములకు మొదటిది ఎట్లో గడచును. మన లిపిలో ద, ధ, థ లకు భేదము ఒక గీత, ఒక చుక్క మాత్రమే; క్రింద వత్తులు మరల చిన్నవి. తెలుగు చదువు కన్నులకు రెండవదే తగినది.

ఇక తెరల జాతులు. టి.ఎన్. తెరను ప్రక్కనుండి చూచినచో రంగులు తిరుగబడును. ఐ.పి.ఎస్. తెర యెటునుండి చూచినను ఒకటిగ నుండును. ఓలెడ్ తెరలో ప్రతి చుక్కయు తానే వెలుగును గనుక నలుపు నిజముగ నలుపే. కాని ఒకే బొమ్మ చిరకాలము నిలిచినచో దాని నీడ మిగిలిపోవచ్చును. తెల్లని పుటలకు విద్యుత్తు ఎక్కువ త్రాగును. బ్యాడిగి కాయలో రంగు హెచ్చు, కారము తక్కువ. గుంటూరు సన్నములో కారము హెచ్చు. ఏది మంచిదని అడుగుట కాదు, ఏ వంటకని అడుగవలెను.

మంచి తెరకు ఖర్చు పెట్టినచో మరియొకచోట తగ్గించవలెను. ఎక్కడ? తరువాత మార్చుకొనుటకు వీలగుచోట. నిల్వ చేయు ఎస్.ఎస్.డి.ని చాల యంత్రములలో తరువాత పెంచుకొనవచ్చును. జ్ఞాపకశక్తి పలకకు అతికింపబడినదా, ఖాళీ గూడున్నదా యని అడుగుడు. అతికినదైనచో మొదటనే 16 జీ.బీ. కొనుట మేలు. ప్రాసెసరు ఒక తరము పాతదైనను చదువు ఆగదు. ప్రత్యేక గ్రాఫిక్సు యంత్రభాగముల నమూనాలు గీయువారికి కావలెను; ప్రోగ్రాములు వ్రాయువారికి అది వేడియు బరువును మాత్రమే. క్షణమునకు 144 సార్లు మారు తెర ఆటలకు. బ్యాటరీని వాట్ గంటలలో చూడుడు: 50 వాట్ గంటలది, పది వాట్లు వాడినచో అయిదు గంటలు వచ్చును. కరెంటు పోవు పల్లెలలో ఇది చిన్న మాట కాదు. తెరను మాత్రము తరువాత మార్చుట ఖర్చుతో కూడిన పని.

పత్తి అమ్మినవారికి ఈ నీతి తెలిసినదే. పింజ యెంత పొడవైనను, తేమ 12 శాతము దాటినచో పత్తి సంస్థ కొనదు. ఒక లోపము తక్కిన గుణములను మ్రింగును.

అంగడిలో చేయవలసిన పరీక్ష పది నిమిషములది. యంత్రమును గుమ్మము దగ్గరకు తీసికొనిపొండు. చిన్న అక్షరముల తెలుగు పుట తెరచి 'థ'లో చుక్క కనబడునో లేదో చూడుడు. ప్రక్కలనుండి, పైనుండి చూడుడు. ఫోనులోని ఒకే మిరపకాయల చిత్రమును రెండు యంత్రములపై పెట్టి పోల్చుడు. మారు యంత్రము చూపనిచో మరియొక అంగడికి పొండు.

కడపటి మాట. సొమ్మిచ్చువాడు తండ్రి, చదువునది కుమార్తె. ఆమెను వెంట తీసికొనిపొండు. ఆమె కూర్చుండి రెండు పుటలు చదివి, కన్నులు నులుముకొనక తల యెత్తినచో, అప్పుడు ధర మాటలాడుడు.