పిల్లలు ఎదిగాక మన ఇంటి క్రిస్మస్
(రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

మీలో చాలామంది వార్డులో ఉన్న మీవారిని చూసుకుంటూ, మధ్యలో వీలు చేసుకుని వచ్చి కూర్చున్నారు. కనుక ఎక్కువసేపు తీసుకోను. డిసెంబరు నెల వచ్చింది. ఎదిగే పిల్లలున్న ఇంట్లో పండగ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఆసుపత్రిలో ఈ సంగతి ఎందుకని అనుకోకండి. ఇది మన పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన విషయమే.

చిన్నప్పుడు వాళ్లకు ఎంత సంబరం! వెదురు బద్దలకు రంగు కాగితం అంటించి స్టార్ కడుతుంటే మనల్ని వదిలేవారు కారు. సండే స్కూలు నాటికలో దేవదూత రెక్కలు కట్టుకుని నిలబడేవారు. అదే పిల్ల ఎనిమిదో తరగతికి రాగానే "నేను వెయ్యను, అందరూ నవ్వుతారు" అంటుంది. అబ్బాయి స్నేహితులతో క్యారల్స్‌కి వెళ్తాడు గాని, ఇంట్లో ప్రార్థనకు కూర్చోమంటే సెల్‌ఫోను వంక చూస్తాడు. తల్లికి దిగులు, తండ్రికి కోపం. పిల్లలు చెయ్యి జారిపోతున్నారని అనుకుంటాం.

చెయ్యి జారడం కాదు, ఎదగడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ల వయసును కౌమార దశ అంటుంది. ఈ వయసులో శరీరంతో పాటు మనసూ మారుతుంది. స్నేహితులు ఏమనుకుంటారన్నది పెద్ద విషయమవుతుంది. రాత్రి నిద్ర ఆలస్యంగా పడుతుంది, అయినా వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అర్ధరాత్రి ఆరాధన నుంచి వచ్చి పడుకున్న పిల్లవాడు తెల్లవారుజామున లేపితే విసుక్కుంటాడు. అది భక్తి లేక కాదు, నిద్ర చాలక.

లూకా సువార్త రెండో అధ్యాయం మీకు తెలిసినదే. పన్నెండేళ్ల యేసును తలిదండ్రులు వాడుక చొప్పున పండగకు తీసుకుని వెళ్లారు. తిరుగు ప్రయాణంలో పిల్లవాడు కనబడలేదు. మూడు రోజులకు దొరికాడు. అతను చెప్పిన జవాబు వాళ్లకు అర్థం కాలేదు. అయినా ముగ్గురూ కలిసే ఇంటికి వెళ్లారు. ఎదిగే బిడ్డ మాట అర్థం కాకపోవడం మన ఒక్కరి ఇంటి సంగతి కాదన్నమాట.

మరి మనం ఏం చేయాలి?

మొదటిది, అడగండి. "మన ఇంటి పండగలో నీకు ఏది లేకపోతే వెలితిగా ఉంటుంది?" అని అడగండి. వాళ్లు చెప్పిన రెండు మూడు పద్ధతులు గట్టిగా నిలబెట్టుకోండి. మిగతావాటికి పట్టుబట్టకండి.

రెండవది, పని అప్పగించండి. పదేళ్ల వరకు పిల్లలు పండగను అందుకుంటారు. ఆ తర్వాత పండగను వాళ్ల చేత ఇప్పించాలి. నాటికలో వేషం వద్దన్న పిల్లకు చిన్నపిల్లల చేత నాటిక వేయించే పని ఇవ్వండి. స్టార్ ఎక్కడ కట్టాలో అబ్బాయినే తేల్చమనండి. పోకుండలు, అరిసెలు ఇరుగుపొరుగు ఇళ్లకు పంచే పని వాళ్లదే చేయండి. వంకరగా కట్టినా మళ్లీ విప్పి సరిచేయకండి. అయితే 18 ఏళ్లు నిండని పిల్లలకు క్యారల్స్ రాత్రుల్లో బండి తాళం ఇవ్వవద్దు. కాలవ గట్టు రోడ్లు, డిసెంబరు మంచు మీకు తెలియనివి కావు.

మూడవది, మీ కథ చెప్పండి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను మన కాట్రేనికోన తీరాన్ని, బలుసుతిప్ప వంటి ఊళ్లను ఊడ్చేసింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. సరిగ్గా ఏడు వారాలకు క్రిస్మస్ వచ్చింది. ఆ ఏడు మీ ఇంట్లో పండగ ఎలా జరిగింది? స్టార్ కట్టడానికి చెట్టు మిగిలిందా? అన్నం ఎవరు పెట్టారు? ఆనాటి పిల్లలే నేడు మన మధ్య తల్లిదండ్రులు. ఈ సంగతులు మీ పిల్లలకు చెప్పారా? అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ తమ కుటుంబం గురించి పిల్లలకు ఎంత తెలుసో 20 ప్రశ్నలతో అడిగి చూశారు. ఇంటి కష్టసుఖాలు తెలిసిన పిల్లల్లో తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనిపించింది.

నాల్గవది, పండగ పూట మందు సీసా ఇంటికి రానివ్వకండి. స్టీవెన్ వోలిన్, లిండా బెన్నెట్, వారి తోటివారు తాగుడు సమస్య ఉన్న కుటుంబాలను పరిశీలించి 1980లో ఒక విషయం ప్రచురించారు. తాగుడు వల్ల పండగలు, కలిసి చేసే భోజనాలు పాడైపోయిన ఇళ్లలో ఆ అలవాటు పిల్లలకూ ఎక్కువగా వచ్చింది. ఇంట్లో తాగేవారున్నా, పండగను చెడనివ్వని కుటుంబాల్లో అది తక్కువ. పండగను కాపాడుకుంటే అది మీ అబ్బాయికి రక్షణ అవుతుందని దీన్నిబట్టి గ్రహించండి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మనిషి మంచం మీద ఉంటే "ఈ ఏడు పండగ వద్దులే" అంటాం. ఖర్చు తగ్గించండి, తప్పులేదు. కేకు, కొత్త బట్టలు లేకపోయినా ఫరవాలేదు. కాని ఒక్క పద్ధతినైనా విడిచిపెట్టకండి. పండగ మొత్తం ఆగిపోతే, పెద్దవాళ్లు చెప్పకుండా దాస్తున్న భయమే నిజమని ఎదిగిన పిల్లలు అనుకుంటారు. జబ్బు సంగతి వాళ్ల వయసుకు తగినట్టు నిజం చెప్పండి. డాక్టరు గారు అనుమతిస్తే వార్డులోనే మంచం పక్కన చిన్న ప్రార్థన, మెల్లగా ఒక పాట వాళ్ల చేతే జరిపించండి. తల్లి కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటే, ఆమె సెలవు వేళ కనుక్కుని, భోజనాల దగ్గర వీడియో కాల్ కలిపే పని వాళ్లకే ఇవ్వండి.

ఒక జాగ్రత్త. విసుగు, మౌనం కొంతవరకు ఆ వయసుకు మామూలే. కాని రెండు వారాలకు మించి పిల్లలు దిగులుగా ఉన్నా, అన్నం, నిద్ర, స్నేహితులు అన్నీ మానుకున్నా, చచ్చిపోతాననే మాట అన్నా పండగ అయ్యాక చూద్దాం అనుకోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ రాత్రి ఇంటికి ఫోను చేసినప్పుడు "తిన్నావా, చదివావా" అని అడిగాక మరొక్క ప్రశ్న అడగండి. "ఈ ఏడు మన ఇంటి క్రిస్మస్‌లో ఏ పని నువ్వు తీసుకుంటావు?" వెంటనే జవాబు రాకపోవచ్చు. రెండు రోజులాగి మళ్లీ అడగండి. మీకు, మీ ఇంట్లో అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు.