కుర్చీ ఇచ్చాం, నడపడం నేర్పామా?
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

ఉర్దూలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, నా తెలుగులో తప్పులుంటే మన్నించండి.

మా వీధిలో ఒక చాచా ఉన్నారు. పత్తి బేళ్ళు మోసిన మనిషి. వెన్ను దెబ్బతిని కాళ్ళు పడిపోయాయి. దాతల పుణ్యాన బ్యాటరీ కుర్చీ వచ్చింది. తొలిరోజే వాకిట్లో మేక అడ్డొస్తే కంగారుపడి జాయ్‌స్టిక్‌ను ఇంకా ముందుకు నెట్టారు. కుర్చీతో సహా సైడుకాలువలో పడ్డారు. నిజానికి ఆ పుల్ల వదిలేస్తే చాలు, కుర్చీ ఆగుతుంది! అది చేతికి అలవాటయ్యేదాకా ఎవరూ నేర్పలేదు. ఇప్పుడా కుర్చీ మీద ఖాళీ మిరప గోతాలు పెడుతున్నారు.

ఉపకరణాలిచ్చే ఆడిప్ పథకం 1981 నుంచి ఉంది, 2016లో హక్కుల చట్టం వచ్చింది. సంతోషమే. నేర్పడం మాటేమిటి?

విదేశాల్లో కొన్నిచోట్ల కొత్తవారి కళ్ళకు అద్దాల పెట్టె కట్టి, చేతికి అదే పుల్ల ఇచ్చి, లేని గదిలో, లేని బజారులో తిప్పిస్తున్నారు. వర్చువల్ రియాలిటీ అంటారు. గోడకు పదిసార్లు గుద్దినా గోరైనా ఊడదు, నవ్వేవాళ్ళుండరు. అయితే కొందరికి తల తిరుగుతుంది. గతుకు, వాలు ఒంటికి సరిగా తెలియవు. కనుక అసలు కుర్చీలోనూ నేర్వాల్సిందే.

అద్దాలు వచ్చినప్పుడు వస్తాయి. ఆదివారం మా బడి ఆవరణ ఖాళీయే. సుద్దతో సందు గీద్దాం, ఇటుకలతో గడప పెడదాం. అడుగు ఎత్తుకు 12 అడుగుల వాలు ఉండాలి, దానికి రెండు బండ్ల మట్టి కావాలి. చాచాను నేను ఒప్పిస్తాను. ఆ బ్యాటరీకి ప్రాణముందో లేదో చూసే మెకానిక్ మీలో ఎవరైనా ఉంటే సభ అయ్యాక నన్ను కలవండి.