పన్నునొప్పే కదా అనుకున్నాను!



నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. అయినా వైద్యం గురించి నాలుగు మాటలు చెప్పడానికి నిలబడ్డానంటే, నా మెడ మీదున్న ఈ మచ్చే కారణం.

ఆ ఏడు నాకు కింది దవడలో చివరి పన్ను నొప్పి మొదలైంది. "డిసెంబరులో ఇండియా వెళ్తున్నాంగా, అక్కడ పీకించుకుంటాలే, ఇక్కడ బోలెడు ఖర్చు" అన్నాను. మనలో చాలామంది అనే మాటే! ప్రోగ్రాములో తప్పుని వచ్చే రిలీజుకి తోసినట్టు పన్నునీ తోసేశాను. పైగా నాకు షుగరుంది.

రెండు వారాలు నొప్పి మాత్రలతో గడిపాను. ఒక శనివారం తెల్లవారేసరికి దవడ కింద గట్టిగా వాచింది. నోరు తెరుచుకోలేదు, ఉమ్మి మింగుడు పడలేదు. "ఏమండీ, మీ గొంతే మారిపోయింది" అంటూ మా ఆవిడ 911కి ఫోన్ చేసింది.

సీటీ స్కాన్‌లో మెడ కండరాల మధ్య గాలి బుడగలు కనిపించాయి. నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ అన్నారు. కండరాలను కప్పే పొరల వెంట సూక్ష్మజీవులు పాకుతాయట. దారిలో చిన్న రక్తనాళాలు మూసుకుపోయి కణజాలం చచ్చిపోతుంది. రక్తం అందని చోటికి మందూ అందదు. అందుకే ఎంత బలమైన యాంటీబయాటిక్స్ ఎక్కించినా, చచ్చిన భాగాన్ని వెంటనే కోసి తీసెయ్యాల్సిందే. ఆలస్యమైతే ఆ పొరల దారినే చీము ఛాతీలోకి దిగుతుంది.

వాపుతో ఊపిరి ఆగిపోకుండా, నేను మెలకువగా ఉండగానే ముక్కులోంచి గొట్టం వేశారు. తర్వాత మెడ తెరిచి, రక్తం చిమ్మే మంచి కండ కనబడేదాకా కోశారు. ఆ పన్నూ అప్పుడే పీకేశారు. మర్నాడు మళ్ళీ తెరిచి చూసి, మిగిలింది తీశారు. మొత్తం మూడుసార్లు. షుగర్ అదుపు చేయడానికి ఇన్సులిన్ ఎక్కిస్తూనే ఉన్నారు.

పన్నునొప్పులన్నీ ఇంతదాకా రావు. కానీ దవడ కింద వాపు, జ్వరం, మింగలేకపోవడం, నోరు తెరుచుకోకపోవడం, గొంతు మారడం, ఊపిరాడకపోవడం కనిపిస్తే మర్నాటిదాకా ఆగకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి.

చివరిగా ఒక్క మాట. మన దగ్గరికొచ్చే అమ్మానాన్నలు, పిల్లలకి ఖర్చని నొప్పి దాచుకుంటారు. ఈ రాత్రి ఇంటికెళ్ళాక ఒక్కసారి అడగండి, "అమ్మా, పన్నేమైనా నొప్పిగా ఉందా?" అని.