సినిమాలో చూపించని కేజీఎఫ్: ఒక్కరోజు ట్రిప్

మన దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద బంగారం షాపులు ఎన్నున్నాయో మీకు చెప్పక్కర్లేదు. తులం రేటు మన ఇళ్లల్లో అమ్మలకి నోటికొచ్చు. మరి ఆ తులం కోసం భూమిలో ఎంత రాయి పగలాలి? ఎవరు పగలగొట్టారు? అది తెలుసుకుందామనే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ వెళ్లొచ్చాను. అవును, అదే కేజీఎఫ్. అది ముందు ఊరు, తర్వాతే సినిమా.

ఎలా వెళ్లాలంటే, కాచిగూడలో రాత్రి రైలెక్కితే పొద్దునకల్లా బెంగళూరు. అక్కణ్ణుంచి మారికుప్పం వెళ్లే రైలు ఉంటుంది. బంగారుపేట దాటాక వచ్చే చిన్న స్టేషన్లు చాలావరకు గనుల ఊళ్లే. మన చిత్తూరు జిల్లా సరిహద్దు పక్కనే కాబట్టి భాషకి ఇబ్బంది లేదు. తమిళం ఎక్కువ, తెలుగు కూడా బాగానే వినిపిస్తుంది. ఒకప్పుడు చిత్తూరు, ఆర్కాట్ పల్లెల నుంచే వేలమంది ఇక్కడికి కూలికి వచ్చారు.

ఇప్పుడు కొంచెం హిస్టరీ. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లిష్ కంపెనీ ఇక్కడ దిగింది. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి గనులకి కరెంటు తెచ్చారు. బెంగళూరులో దీపాలు వెలిగింది 1905లో! అంటే సిటీ కంటే ముందు గనికే కరెంటు. దొరలకి బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ గ్రౌండు. కూలీలకి తడికెలు, రేకులతో కట్టిన ఇరుకు గదుల లైన్లు. రెండూ ఒకే ఊళ్లో.

గని లోతు ఎంతో తెలుసా? 3 కిలోమీటర్ల పైనే. లోపల రాయి కాలిపోతుంటుంది. ఒత్తిడికి ఒక్కోసారి బండ దానంతటదే పేలిపోయేది. రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యేవి, ఆ జబ్బు పేరే సిలికోసిస్.

ఇంకో విషయం. మనం రోజుకి వందసార్లు వేలు పెట్టి ఫోన్ అన్‌లాక్ చేస్తాం కదా? 1930లో ఇక్కడ కూలీలందరి వేలిముద్రలు తీసుకుని రిజిస్టర్ చేస్తామన్నారు. అప్పట్లో వేలిముద్ర అంటే దొంగల దగ్గర తీసుకునేది. ‘మేమేమన్నా దొంగలమా’ అనిపించదూ? వేలమంది పని ఆపేసి సమ్మెకి దిగారు. సినిమాలో హీరో ఒక్కడే. ఇక్కడ మాత్రం ఊరంతా నిలబడింది.

ఇంకా ఉంది. అదే గని లోతుల్లో, 1965లో మన టాటా ఇన్‌స్టిట్యూట్ సైంటిస్టులు విదేశీ సైంటిస్టులతో కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

ఇక లెక్క. 120 ఏళ్లలో సుమారు 800 టన్నుల బంగారం తీశారు. చివరి రోజుల్లో టన్ను రాయికి దొరికింది దాదాపు 3 గ్రాములే. అంటే 10 గ్రాముల తులానికి మూడు టన్నులకు పైగా రాయి! ఖర్చు పెరిగింది, నష్టాలొచ్చాయి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఇప్పుడు షాఫ్టుల్లో నీళ్లు. లోపలికి పోనివ్వరు, బయటి నుంచి ఇనుప టవర్లు చూడ్డమే.

దూరం నుంచి బూడిదరంగు గుట్టలు కనిపిస్తాయి, చాలా అందంగా ఉంటాయి. అవి కొండలు కావు. రాయిని పిండిచేసి, సైనైడ్‌తో బంగారం తీసుకున్నాక మిగిలిన వ్యర్థం. గాలి లేస్తే ఆ దుమ్ము పక్కనున్న ఇళ్లల్లోకే పోతుంది. కాబట్టి బ్రదర్స్, సిస్టర్స్, రీల్స్ కోసం దాని మీదకి ఎక్కకండి.

ఊళ్లో పని లేక చాలామంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్తారు, రాత్రికి తిరిగొస్తారు. బంగారం బయటికి పోయింది, దుమ్ము వాళ్ల దగ్గరే మిగిలింది. మీరు వెళ్తే టవర్లతో సెల్ఫీ దిగండి, తప్పులేదు. కానీ టీ కొట్టు దగ్గర పది నిమిషాలు కూర్చుని, గనిలో పనిచేసిన తాతలెవరైనా కనిపిస్తే తెలుగులోనే పలకరించండి. వాళ్లు చెప్పేది ఏ సినిమాలోనూ దొరకదు. మీ ఇంట్లో ఎవరైనా ఏ గనిలోనైనా పనిచేసి ఉంటే కింద కామెంట్ పెట్టండి. ఉంటాను మరి, బై!