మెడ దగ్గర బిళ్ళ



మా ఏన్కూరులో మెడ దగ్గర బిళ్ళ కడితే ముందు సున్నం, పసుపు పట్టు వేస్తాం. మా వదినకూ అదే చేశాం. నొప్పి లేదు గదా అని మూడు నెలలు గడిపాం. నొప్పి లేని బిళ్ళనే అనుమానించాలని మాకేం తెలుసు! చివరికి ముక్క తీసి పరీక్ష చేస్తే లింఫోమా అన్నారు. తెల్లకణాలకు వచ్చే కాన్సరు అది; వదినది బి-కణాలది.

మామూలు కాన్సరు మందులతోపాటు రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షను రాశారు. రోగాలతో పోరాడే యాంటీబాడీలు మన ఒంట్లో ఉంటాయి గదా, అలాంటివాటినే ఒకే అచ్చులో పోసినట్టు తయారుచేస్తారు. ఆ విధానం 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనిపెట్టారు. 1984లో నోబెల్ బహుమతి అందుకున్నారు. బి-కణం మీద సి.డి.20 అనే గుర్తుంటుంది. మందు దాన్నే వెతికి పట్టుకుంటుంది. మంచి బి-కణాలూ పోతాయిగాని, కొన్ని నెలలకు మళ్ళీ పుడతాయి.

1997లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందును 2007లో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వారు రెడిటక్స్ పేరుతో తక్కువ ధరకు తెచ్చారు. తక్కువంటే మనబోటివాళ్ళకు తక్కువేం కాదు లెండి, వదిన గొలుసు అమ్మాల్సి వచ్చింది.

మొదటిసారి సెలైనులా గంటల తరబడి ఎక్కిస్తారు. వదినకు చలి, వణుకు, జ్వరం. "నా వల్ల కాదు, ఇంటికి పోదాం పదమ్మా" అని ఒకటే ఏడుపు. నర్సమ్మ వేగం తగ్గించాక సర్దుకుంది. రెండోసారి అంత బాధ లేదు. అన్నట్టు, ఈ మందుకు ముందు హెపటైటిస్-బి పరీక్ష తప్పనిసరి. లోపల దాగున్న ఆ జబ్బు దీనితో తిరగబెట్టవచ్చు.

వదిన ఇప్పటికీ గడువు తప్పకుండా చూపించుకుంటోంది. మొన్న చింతకాయ పచ్చడి పంపింది. ఉప్పు కాస్త ఎక్కువైంది.