రాత్రి స్లీపర్ బస్సులో వైజాగ్‌కి: కర్టెన్ వేసుకునే ముందు

ఈ రోజు మాట్లాడుకునేది చాలా మామూలు విషయం. హైదరాబాద్‌లో రాత్రి స్లీపర్ బస్సు ఎక్కి, తెల్లారేసరికి విశాఖపట్నంలో దిగడం. రోజూ ఎంతోమంది చేసే ప్రయాణమే. కానీ ఈ ఊరికి మొదటిసారి వస్తున్నవాళ్లకి, అందులోనూ ఉద్యోగానికో చదువుకో ఒంటరిగా వచ్చే పిల్లలకి, రెండు సంగతులు ఎవరూ చెప్పరు. బెర్త్ ఎక్కి కర్టెన్ వేసుకునే ముందు ఏం చూసుకోవాలి అన్నది ఒకటి. వైజాగ్‌లో ఎక్కడ దిగాలి అన్నది రెండోది. మొదటిది ప్రాణాలకి సంబంధించింది కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపికపట్టండి.

అసలు రైలుండగా బస్సెందుకు అంటారు. నిజమే. గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 నుంచి నడుస్తోంది. సాయంత్రం హైదరాబాద్‌లో ఎక్కి పొద్దున్నే ఇక్కడ దిగడం రెండు మూడు తరాలకి అలవాటు. 2023 సంక్రాంతికి వందే భారత్ కూడా వచ్చింది, కానీ అది పగటి బండి, కూర్చుని రావాలి. రాత్రి బళ్లలో బెర్త్ కావాలంటే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. తెరిచిన కాసేపటికే వెయిటింగ్ లిస్టు. మరి అపాయింట్‌మెంట్ లెటర్ 60 రోజుల ముందు రాదు కదండీ! పది రోజుల్లో జాయిన్ అవ్వమంటారు. అలాంటప్పుడు మిగిలేది బస్సే.

మా మేనకోడలి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. పరవాడ ఫార్మా సిటీలో ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. సోమవారం జాయినింగ్. రైల్లో టికెట్ లేదు. మా అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, కర్నూలు బస్సు టీవీలో చూశాక కూడా దాన్ని ఆ డబ్బాలో ఎక్కించమంటావా? ఉద్యోగం పోతే పోనీ" అంది. ఆ పిల్ల పక్కనుంచి, "మావయ్యా, నువ్వైనా చెప్పు అమ్మకి" అంటోంది. భయపడకు అక్కా, ఏం కాదు అని ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఆవిడ భయంలో తప్పేముంది? అందుకే ఆ మాట అనలేకపోయాను.

కర్నూలు సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2025 అక్టోబర్ 24, తెల్లవారుజామున 3 గంటల ప్రాంతం. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు చిన్నటేకూరు దగ్గర ఒక బైక్‌ని ఢీకొంది. బైక్ బస్సు కింద ఇరుక్కుని, రోడ్డుకి రాసుకుంటూ పోయి మంటలు లేచాయి. బస్సులో 19 మంది, ఆ బైక్ కుర్రాడు, మొత్తం 20 మంది పోయారు. దానికి సరిగ్గా పది రోజుల ముందు రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర ఇంకో ఏసీ స్లీపర్ కాలిపోయింది. అక్కడా 20 మందికి పైనే. ఇంకా వెనక్కి వెళ్తే 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం. బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో కల్వర్టుకి గుద్దుకుంది, 45 మంది పోయారు. పాలెం నుంచి చిన్నటేకూరుకి 12 ఏళ్లు. ఈ పన్నెండేళ్లలో మనం నేర్చుకున్నది ఏంటి అంటే నా దగ్గర గొప్ప జవాబేం లేదు.

చైనావాళ్లేం చేశారో చూడండి. 2011 జులైలో అక్కడ షిన్‌యాంగ్ దగ్గర స్లీపర్ బస్సు కాలి 41 మంది చనిపోయారు. 2012 నుంచి కొత్త స్లీపర్ బస్సులకి రిజిస్ట్రేషనే ఆపేశారు. మన దగ్గర స్లీపర్ కోచ్‌లకి ఏఐఎస్ 119 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఉంది. బెర్త్ కొలతలు, నడవ వెడల్పు, ఎమర్జెన్సీ దారులు అన్నీ అందులో ఉంటాయి. కాగితం మీద మనకి తక్కువేం లేదండీ. ఆ కర్నూలు బస్సు మొదట సీటర్‌గా రిజిస్టర్ అయ్యి, తర్వాత స్లీపర్‌గా మారిందని ప్రమాదం జరిగాకే బయటపడింది.

స్లీపర్‌లో కష్టం ఎక్కడొస్తుందంటే, సీటు బస్సులో నిద్రపోతున్నా మనిషి కూర్చునే ఉంటాడు, లేచి నిలబడితే నడవలోకి వచ్చినట్టే. స్లీపర్‌లో అలా కాదు. పై బెర్త్ వాడు కిందికి దిగాలి, కింద బెర్త్ వాడు వంగి బయటికి రావాలి, నడవ చూస్తే ఒక్క మనిషి పట్టేంత. చీకటి. చుట్టూ కర్టెన్లు, ఫోము, రెక్సిన్, అన్నీ అంటుకునేవే. ఏసీ బస్సు అయితే అద్దాలు తెరుచుకోవు. డిక్కీలో ఎవరి పార్సిళ్లు ఉన్నాయో మనకి తెలీదు. అగ్గి ముందు పొగ వస్తుంది, ఆ పొగలో మన చెయ్యి మనకే కనపడదు.

అందుకని మా అక్కతో ఏమన్నానంటే, "అమ్మాయి బస్సెక్కాక రెండు నిమిషాలు నేను చెప్పిన పని చేస్తానంటే పంపించు, లేకపోతే వద్దు."

ఆ రెండు నిమిషాల పని ఇదండీ. బ్యాగు బెర్త్ మీద పడేసి, ఎమర్జెన్సీ డోర్ ఎక్కడుందో నడిచి వెళ్లి చూడాలి. కూర్చున్నచోటు నుంచి మెడ సాచి చూస్తే లాభం లేదు. బస్సుని బట్టి అది మధ్యలో ఉండొచ్చు, వెనకాల ఉండొచ్చు. దాని ముందు లగేజీ పెట్టారా, అడ్డంగా ఇంకో బెర్త్ కట్టారా చూడండి. కట్టి ఉంటే, బస్సు కదలకముందే అడగండి. సిబ్బంది విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. తిరిగొచ్చేటప్పుడు ఆ తలుపు నుంచి మీ బెర్త్ దాకా ఎన్ని బెర్త్‌లో చేత్తో తాకుతూ లెక్కపెట్టండి. మా అమ్మాయికి ‘నాలుగు’ వచ్చింది. ఆ ‘నాలుగు’ అన్నది చీకట్లో కళ్లు పనిచెయ్యనప్పుడు చేతికి గుర్తుండాలి.

తర్వాత అద్దం పగలగొట్టే సుత్తి. ఉందా, ఎక్కడుంది? స్టాండ్ ఉండి సుత్తి లేని బస్సులు నేను చాలా చూశాను. అద్దాన్ని మధ్యలో కొడితే ఊరికే లొంగదు, మూలకి దగ్గరగా కొట్టాలి. చెప్పులు సీటు కింద ఎక్కడో వదిలేయకుండా కాళ్ల దగ్గరే పెట్టుకోవాలి. ఫోన్, ఆధార్ ఒంటి మీద ఉండాలి, చిన్న నడుం బ్యాగు అయితే మరీ మంచిది. పొగ వస్తే నిలబడకూడదు, వంగి వెళ్లాలి, బ్యాగుల కోసం వెనక్కి తిరగకూడదు. అంతే.

బెర్త్ కూడా చూసి తీసుకోవాలి. నేనైతే కింద బెర్త్, బస్సు మధ్యలో. వెనక చక్రాల మీద పడుకుంటే ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది, పై బెర్త్ మలుపుల్లో ఊగుతుంది. ఒక పక్క సింగిల్, ఇంకో పక్క డబుల్ ఉండే బస్సుల్లో, ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలు సింగిల్ తీసుకోవడమే నయం. కాళ్లు డ్రైవర్ వైపు పెట్టి పడుకోండి, గట్టి బ్రేక్ పడితే తల ముందుకెళ్లి తగలదు. ఆర్టీసీలో కూడా స్లీపర్లున్నాయి. స్టార్ లైనర్ అని నాన్ ఏసీ, వెన్నెల అని ఏసీ. మీ తేదీకి ఉన్నాయేమో ముందు అక్కడ చూడండి.

డ్రైవర్లు ఇద్దరున్నారా అని కూడా అడగండి. హైదరాబాద్ నుంచి ఇక్కడికి దాదాపు 620 కిలోమీటర్లు, తక్కువలో తక్కువ పదకొండు, పన్నెండు గంటలు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలో రోజుకి మామూలు పని 8 గంటలే అని ఉండేది. ఒక్క మనిషి చేత రాత్రంతా నడిపించడం అతనికీ అన్యాయమే, వెనకాల పడుకున్నవాళ్లకీ ప్రమాదమే. దారిలో ఏదైనా తేడాగా అనిపిస్తే 112, హైవే సాయానికి 1033.

ఇంక దిగడం. రైలు మిమ్మల్ని తిన్నగా ఊరి మధ్య స్టేషన్లో దింపుతుంది. బస్సు అలా కాదు, అది పనిచేసే వైజాగ్ వైపు నుంచి లోపలికొస్తుంది. మనం సినిమాల్లో చూసే బీచ్ రోడ్డు, కైలాసగిరి ఏవీ కనపడవు. అనకాపల్లి దాటాక లంకెలపాలెం, అక్కణ్ణుంచి పరవాడ రోడ్డు. తర్వాత కూర్మన్నపాలెం, స్టీల్ ప్లాంట్ ఆర్చి, లోపల ఉక్కునగరం. 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఫ్యాక్టరీ అది. ఆ తర్వాత గాజువాక, శీలానగర్, ఎన్ఏడీ కొత్తరోడ్డు, తాటిచెట్లపాలెం. ద్వారకా బస్ స్టేషన్‌ని ఇక్కడ అందరూ ఆర్టీసీ కాంప్లెక్స్ అంటారు. అది దాటితే మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ. ఈ చివర్నించి ఆ చివరికి ముప్ఫై కిలోమీటర్ల పైనే ఉంటుంది. ‘వైజాగ్’ అని టికెట్ తీసుకుంటే సరిపోదు. స్టీల్ ప్లాంట్‌లో పనున్నవాళ్లు కాంప్లెక్స్ దాకా వెళ్తే మళ్లీ వచ్చిన దారినే ఇరవై కిలోమీటర్లు వెనక్కి రావాలి.

మా అమ్మాయి మ్యాప్ చూసి, "లంకెలపాలెంలో దిగిపోతా మావయ్యా, హాస్టల్ దగ్గర" అంది. దగ్గరే, కాదనను. కానీ బస్సు అక్కడికి వచ్చేది ఐదు, ఐదున్నరకి. వేసవిలో అయితే ఆ పాటికి ఇక్కడ వెలుతురు వచ్చేస్తుంది, మనం తూర్పున ఉన్నాం కదా. డిసెంబర్లో అయితే ఆ వేళకి చీకటే. హైవే పక్కన సూట్‌కేసుతో ఒక్కర్తీ ఎందుకు? గాజువాక దాకా రమ్మన్నాను. అక్కడ షిఫ్టులకి వెళ్లేవాళ్లు, టీ బండ్లు, సిటీ బస్సులు, ఆ వేళకే జనం ఉంటారు. మనకి కావలసిన చోటికి కొంచెం ముందుకెళ్లి, మనుషులున్న చోట దిగి, తెల్లారాక వెనక్కి రావడం మేలు. మరీ మొదటిసారైతే.

ఇంకొక్క మాట, ఇది ఈ మధ్య వచ్చిన చిక్కు. శ్రీకాకుళం, ఇచ్ఛాపురం, ఒడిశా వైపు వెళ్లే బస్సుల్లో ఎక్కితే, అవి ఊళ్లోకి వస్తాయో రావో ముందే కనుక్కోండి. అనకాపల్లి నుంచి సబ్బవరం మీదుగా ఆనందపురానికి ఆరు వరసల రోడ్డు పడింది. ఆ దారి పట్టిన బస్సు అసలు గాజువాక మొహమే చూడదు. మీరు నిద్ర లేచేసరికి వైజాగ్ వెనకాల ఉంటుంది. టికెట్ మీద మీ డ్రాపింగ్ పాయింట్ పేరు రాసి ఉండాలి. ఎక్కేటప్పుడు క్లీనర్‌కి ఒకసారి చెప్పండి. ఫోన్లో అలారం తునికి పెట్టుకోండి. అక్కణ్ణుంచి అనకాపల్లికి గంట పైనే పడుతుంది. మొహం కడుక్కుని, చెప్పులు వేసుకుని, కర్టెన్ తీసి కూర్చోడానికి ఆ టైము చాలు.