కీమోథెరపీ మోతాదూ జన్యు వారసత్వమూ

నేడు పట్టాలు అందుకొంటున్న స్నాతకులలో కొందరు ఆసుపత్రులకు, కొందరు ప్రయోగశాలలకు, మరికొందరు హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడలోని ఔషధ సంస్థలకు వెళ్లనున్నారు. ఒక దేశపు రోగులను పరీక్షించి నిర్ణయించిన మోతాదు మరొక దేశపు రోగికి యథాతథంగా సరిపోతుందా అన్న ప్రశ్న వీరందరికీ ఏదో ఒకనాడు ఎదురవుతుంది.

పిల్లలలో వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ అదుపులోకి వచ్చాక, అది తిరగబెట్టకుండా ఏళ్ల తరబడి ఇచ్చే మందులలో ముఖ్యమైనవి రెండు. వాటిలో మెథోట్రెక్సేట్ భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలలో నడిపించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధన నుంచి రాగా, గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ రూపొందించిన మెర్కాప్టోప్యూరిన్ 1953లో ఆమోదం పొందింది. ఈ రెండవ మందు శరీరంలో డీఎన్ఏ ఘటకాలను పోలిన నకిలీ ఘటకాలుగా మారి, వేగంగా విభజన చెందే క్యాన్సర్ కణాల డీఎన్ఏలో చొరబడి వాటిని చంపుతుంది; ఎముక మజ్జలో రక్తాన్ని పుట్టించే కణాలు కూడా వేగంగానే విభజన చెందుతాయి గనుక, మందు మితిమీరితే తెల్ల రక్తకణాలు పడిపోయి చిన్న ఇన్ఫెక్షన్ సైతం ప్రాణాంతకమవుతుంది. ఈ మితిమీరడాన్ని అడ్డుకొనే ఎంజైములలో టీపీఎంటీ అనేది మందును నిర్వీర్యం చేస్తే, ఎన్‌యూడీటీ15 అనేది అప్పటికే చురుకెక్కిన నకిలీ ఘటకాలను డీఎన్ఏలో చేరకముందే విడగొడుతుంది.

ఐరోపా మూలాలున్నవారిలో సుమారు 10 మందిలో ఒకరు టీపీఎంటీ జన్యువు బలహీన ప్రతిని మోస్తారు గనుక పాశ్చాత్య వైద్యంలో చాలాకాలం ఆ పరీక్షకే ప్రాధాన్యం దక్కింది. అయితే ఆ జన్యువు సవ్యంగా ఉన్న ఆసియా రోగులలో కూడా తెల్లకణాలు పడిపోతుండగా, అందుకు ఎన్‌యూడీటీ15 జన్యువులో ఒకే ఒక అక్షరం మారడం కారణమవుతోందని 2014లో కొరియా పరిశోధకులు, ఇదే తరహా మందులు వాడే క్రోన్స్ అనే పేగువాపు వ్యాధిగ్రస్తులలో గుర్తించారు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ పరిశోధకులు, శరీరంలో మెర్కాప్టోప్యూరిన్‌గా మారే అజథయోప్రిన్‌ను వాడే 1014 మంది పేగువాపు రోగులను పరిశీలించి, భారతీయులలో ఈ ముప్పును ముందుగా సూచించడంలో టీపీఎంటీ కంటే ఎన్‌యూడీటీ15 పరీక్షే మేలని 2020లో వెల్లడించారు. ఇక్కడి బిడ్డకు పాశ్చాత్యుల టీపీఎంటీ పరీక్ష ఒక్కటే చేసి భయం లేదని తల్లిదండ్రులకు చెప్పడం, అసలు పరీక్ష చేయకపోవడం కంటే ప్రమాదకరం కావచ్చు.

జనసమూహాల మధ్య ఇటువంటి తేడాలు ఎలా ఏర్పడ్డాయో తెలిపిన పరిశోధనలో ఉప్పల్ రహదారిపై హబ్సిగూడలో ఉన్న కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ పాత్ర పెద్దది. దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించి సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన అధ్యయనం, కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి తమలో తామే వివాహాలు చేసుకొన్న సమూహాలలో అరుదైన జన్యు మార్పులు చిక్కబడతాయని చూపింది. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించే సక్సామెథోనియం ప్రభావం కొద్ది నిమిషాలలో తీరవలసి ఉండగా, ఆర్యవైశ్యులలో కొందరికి దాన్ని విడగొట్టే ఎంజైము లోపించడం వల్ల గంటల తరబడి నిలుస్తుందన్నది మత్తువైద్యులకు తెలిసిన ఉదాహరణ. అది క్యాన్సర్ మందు కాకపోయినా సూత్రం మాత్రం ఇదే.

ఇంత తెలిసిన తరువాత కూడా కులం పేరునో ప్రాంతం పేరునో చూసి మోతాదు రాయడం తప్పే అవుతుంది, ఎందుకంటే ఏ సమూహంలోనైనా అటువంటి జన్యు మార్పు లేనివారే అధికులు, బయటి సమూహాలలోనూ అది ఉన్నవారు ఉంటారు. ఏ జన్యువును వెతకాలో సమూహ చరిత్ర సూచించగలదు గానీ, ఎంత మందు ఇవ్వాలో ఆ బిడ్డ రక్తమే చెప్పాలి. మెర్కాప్టోప్యూరిన్ సాధారణ ప్రారంభ మోతాదు శరీర ఉపరితలపు చదరపు మీటరుకు రోజుకు 75 మిల్లీగ్రాములు కాగా, ఎన్‌యూడీటీ15 రెండు ప్రతులూ బలహీనమైన వారికి 10 మిల్లీగ్రాములతోనే మొదలుపెట్టాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. వారి కణాలలో ఆ స్వల్ప మోతాదుతోనే తగినంత చురుకైన మందు చేరుతుంది కాబట్టి తగ్గింపు వల్ల చికిత్స బలహీనపడదు. తగ్గించకపోతేనే రక్తకణాలు పడిపోయి, వారాల తరబడి మందు ఆపవలసి వచ్చి, ఆ విరామంలో వ్యాధి తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది.